అక్క మానేసిన సబ్బుపొడి

ఊళ్ళో అందరూ ఆయన్ని పటికాయన అనేవాళ్ళు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకుండా పోయింది. చెరువుగట్టు కింద, ఊరికి తాగునీళ్ళు శుద్ధి చేసే ఫిల్టర్‌హౌసులో ఆపరేటరు. మోటారు తోడిపోసిన చెరువునీళ్ళలో పటిక ఎంత కలపాలో, క్లోరిన్ ఎంత వదలాలో చూసుకోవడం ఆయన పని. బురదనీళ్ళలో మట్టిరేణువులు దాయాదుల్లాంటివి. ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వకుండా ఎడమొహం పెడమొహంగా తేలుతూనే ఉంటాయి. పటికనీళ్ళు పడ్డాయా, ఆ పంతాలన్నీ వదిలేసి ఒకదాన్నొకటి పట్టుకుని, దూదిపింజల్లా ముద్దకట్టి, బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. పైన తేరిన నీళ్ళు ఇసుకపడకల్లోంచి జారి ఊళ్ళోకి పోతాయి. "మనుషుల్ని కలపడం నావల్ల కాదుగానీ, మట్టి మాత్రం నా మాట వింటుంది" అని నవ్వేవాడు పటికాయన. అద్దంలాంటి నీళ్ళు గ్లాసులో పట్టి వెలుతురుకేసి చూసుకోవడం ఆయనకున్న ఒకే ఒక్క గర్వం.

పెళ్ళి చేసుకోలేదు. ఆ మాటెత్తినప్పుడల్లా ఏదో ఒక కబురుతో దాటేసి, దాటేసి, చివరికి ఎత్తేవాళ్ళే లేకుండా చేసుకున్నాడు. తల్లి పోయేనాటికి ఇంకా పాలు మరవని పిల్లాడు. అక్కే చంకనేసుకుని పెంచింది. ఆమె పెళ్ళై వెళ్తూ వాణ్ణి వదిలి వెళ్ళలేక వెంట తీసుకుపోయింది. "ఒకళ్ళని చేసుకుంటే ఇంకొకళ్ళు ఉచితం అని నాకెవరూ ముందు చెప్పలేదు" అని బావ ఇప్పటికీ కనబడ్డవాళ్ళందరికీ చెప్తాడు. చెప్పి, బామ్మర్ది భుజం మీద చెయ్యేసి మరీ నవ్వుతాడు.

అక్కాబావలది లాండ్రీ. కింద పొడుగాటి హాల్లో గుండ్రటి ఇనప మిషన్లు, పక్కన ఇస్త్రీ బల్లలు, వెనక వాకిట్లో బోరు, ఆరేసే తీగలు. పైన రెండు గదులు. ఒకటి వాళ్ళది, ఒకటి పటికాయనది. ఊళ్ళో పెద్దాస్పత్రి దుప్పట్లు, గలేబులు, డాక్టర్ల కోట్లు అన్నీ అక్కడికే వచ్చేవి. రక్తం మరకతో వచ్చిన దుప్పటి తెల్లటి మడతై వెళ్ళేది. మడత అంచుమీద అక్క అరచేత్తో ఒకసారి రాసి మరీ కట్టకట్టేది. ఆ తెలుపు ఆమె గర్వం. మిషన్ల కింద పోయే నురగనీళ్ళు వెనకగోడ పక్క కాలవలో పడి, మలుపు తిరిగి కనబడకుండా పోయేవి. ఎక్కడికి పోతున్నాయని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. చెరువు నీళ్ళమీద బతికే పటికాయనక్కూడా తోచలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు కుంగిపోయి గట్టురాళ్ళు బయటపడ్డాయి. ఎండలు ముదిరేసరికి నీళ్ళమీద పచ్చటి తెర ఒకటి కట్టడం మొదలైంది. మొదట ఒడ్డునే. తర్వాత గాలి ఎటుతోలితే అటు. ఇంకొన్నాళ్ళకి చెరువంతా ఎవరో పచ్చరంగు పీపా ఒంపినట్టైంది. కుళాయినీళ్ళకి మట్టివాసన పట్టింది.

"ఏమయ్యా పటికాయనా, డ్యూటీలో కునుకు తీస్తున్నావా?" మంగలిషాపు ముందు ఆపేశాడు షాపాయన. "ఆ నీళ్ళు తాగుతుంటే తడిసిన గోతాం నాకినట్టుంది."

"చూస్తున్నానయ్యా."

"చూస్తే ఎట్లా? ఏదైనా వెయ్యి."

వేశాడు. పటిక పెంచాడు. క్లోరిన్ పెంచాడు. దానితో వాసన తగ్గకపోగా రెట్టింపైంది. నాచుకణాలు క్లోరిన్ తగిలి పగిలి, కడుపులో దాచుకున్న కంపంతా నీళ్ళలోకే వదిలేశాయి. ఇసుకపడకలు జిగురుపట్టి పూడుకుపోయాయి. వాటిని కడగాలంటే శుద్ధిచేసిన నీళ్ళే కింద నుంచి పైకి తోలాలి. పొద్దున కడిగితే సాయంత్రానికి మళ్ళీ మూసుకునేవి. ఊరికి పోవాల్సిన మంచినీళ్ళలో సగం ఇసుక కాళ్ళు కడగడానికే సరిపోయేవి. ఇన్నేళ్ళూ తన మాట విన్న నీళ్ళు, ఒక్కసారిగా ఎదిగొచ్చిన పిల్లాడిలా మొహం తిప్పేసుకున్నాయి.

ఫిల్టర్‌హౌసు చూసే ఇంజనీరు చెడ్డవాడేం కాదు. పైకి రాశాడు. పైనుంచి ల్యాబ్ మేడమ్ వచ్చింది. సన్నగా, కళ్ళజోడుతో, బురద అంటిన చెప్పులతో. వస్తూనే ఆఫీసులో కుర్చీ వెయ్యబోతే వద్దని, పడవెక్కి చెరువు మధ్యకి పోయింది. నీళ్ళలో బొగ్గుపొడి కలిపించి వాసన కాస్త అణిచింది. తర్వాత చెరువులో కలిసే కాలవలన్నిటి దగ్గరా సీసాల్లో నీళ్ళు పట్టుకుంది. పటికాయన ఆమె వెంట సీసాల బుట్ట మోశాడు.

"ఇంత నాచు ఎందుకొచ్చిందంటారు మేడమ్? ఎండకా?"

"ఎండ ఎప్పుడూ ఉంది కదండీ. దానికి ఇప్పుడు తిండి దొరికింది." ఆమె ఒడ్డున రాయిమీద కూర్చుని చెప్పింది. "నాచుకి గాలి కావాలి, వెలుతురు కావాలి, నత్రజని కావాలి. అవన్నీ కావలసినన్ని ఉంటాయి. భాస్వరం ఒక్కటే తక్కువ. అది తక్కువగా ఉన్నంతకాలం నాచు అణిగిమణిగి ఉంటుంది. పొలాల ఎరువు, మురుగు, సబ్బుపొడి, వీటిల్లోంచి కాస్త కాస్త భాస్వరం వచ్చి కలిసిందనుకోండి, ఇక దాన్ని పట్టేవాడు లేడు."

"సబ్బుపొడిలో భాస్వరం ఎందుకండీ?"

"మీ ఊరి బోరునీళ్ళు గడుసువి. నీళ్ళలో ఉన్న సున్నం సబ్బుని పనిచెయ్యనివ్వదు. ఆ సున్నాన్ని పట్టుకుని పక్కన కూర్చోబెట్టడానికి భాస్వరం ఉన్న ఫాస్ఫేటు వేస్తారు. బట్ట తెల్లగా వస్తుంది. పని అయిపోయాక ఆ ఫాస్ఫేటు కాలవలోకి, అక్కణ్ణుంచి ఇక్కడికి."

వారం తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ భాస్వరం చూపించిన సీసా చేతిలో పట్టుకుని, "ఇది ఏ కాలవండీ? వెనక ఏదో ఫ్యాక్టరీ ఉందా?" అని అడిగింది.

సీసా మీద కట్టిన గుర్తు పటికాయన చేతిరాతే. చూశాడు. అబద్ధం చెప్పడం కష్టమేం కాదు. ఊళ్ళో కాలవలు బోలెడున్నాయి. కానీ నోరు తెరిస్తే ఆ మాటే వచ్చింది.

"ఫ్యాక్టరీ కాదండీ. మా అక్క లాండ్రీ."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ అక్కది ఒక్కటే కాదు లెండి" అంది. "ఒక్కరితో అయ్యేది కాదిది. ఊరి మురుగంతా ఇందులోకే కదా వస్తోంది." తనకి ఉత్తరాలు రాయడం తప్ప ఏ కాలవనీ ఆపే అధికారం లేదని కూడా చెప్పింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పటికాయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడే గానీ నోట్లో పెట్టలేదు. బావ ఊరుకుంటాడా? "ఏమోయ్, నాచుని గురించి బెంగా? నాచుక్కూడా బామ్మర్దులుంటారు, వాళ్ళకి చెప్పి చూడు."

"బావా, మన సబ్బుపొడి మార్చాలి."

చెప్పాడు. మేడమ్ చెప్పినదంతా తనకొచ్చిన మాటల్లో చెప్పాడు. బావ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"అంటే చెరువు పచ్చబడింది నావల్లనా?"

"నీవల్లని కాదు. మనది కూడా కలుస్తోందంటున్నాను."

"ఊరంతటి మురుగు కలిస్తే లేదుగానీ, నా నురగ కలిస్తే మైలపడిందా? ఒరే, ఆస్పత్రివాళ్ళు తెలుపు చూసి ఇస్తున్నారు మనకి పని. నా మొహం చూసి కాదు. నీ చెరువు తెల్లబడాలని నా దుప్పట్లు నల్లబడాలా?"

అక్క కూరగిన్నె పక్కన పెట్టింది. తమ్ముడి కంచంలోకి చూస్తోంది. తర్వాత మొగుడితో అంది: "వీడు ఇన్నేళ్ళలో నన్ను ఏదైనా కావాలని అడిగాడా?"

"అడగలేదు. అందుకే అడిగేది ఇంత పెద్దది అడిగాడు."

"చూద్దాం. మారుద్దాం. చెయ్యి తిరిగినవాళ్ళం, ఒక పొడి పోతే ఇంకో పొడితో ఉతకలేమా?"

బావ తల పట్టుకున్నాడు. కానీ తర్వాతిసారి సరుకుకి వెళ్ళినప్పుడు ఫాస్ఫేటు లేని పొడే తెచ్చాడు. అటువంటి మనిషి.

మొదట్లో తేడా తెలియలేదు. తెలియకపోవడంతో బావ కూడా హుషారుగా "చూశావా, మీ మేడమ్‌కి చెప్పు, మా ఇంట్లో నుంచి ఇప్పుడు గంగ పారుతోందని" అన్నాడు. ఉతుకులు పెరిగేకొద్దీ బయటపడింది. దుప్పట్లమీద ఒక బూడిద ఛాయ. మరక కాదు, మాసినట్టూ కాదు. వెలుతుర్లో ఒక్కటి చూస్తే తెల్లగానే ఉండేది. పాతదాని పక్కన పెడితే జబ్బుమనిషి మొహంలా పాలిపోయి కనబడేది. నీళ్ళలో సున్నం సబ్బుతో కలిసి జిడ్డుగా మారి నూలుపోగుల మధ్య కూర్చుంటోంది. వాషింగ్ సోడా వేశారు. సున్నం విరిగి పొడిలా బట్టమీదే దిగింది, దుప్పట్లు గరుకెక్కాయి. నీళ్ళు బాగా మరగబెట్టి ఉతికారు. కాస్త మెరుగైంది.

"చెరువుని బతికించబోయి గ్యాసు తగలేస్తున్నాం" అన్నాడు బావ, బాయిలరు ముందు చెమటలు కక్కుతూ. ఈసారి నవ్వలేదు.

పటికాయన మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఫాస్ఫేటు లేకుండానే సున్నాన్ని పట్టే సరుకు వేరే ఉందని ఆమె చెప్పింది. కానీ అది పెద్ద కంపెనీలకి లారీల లెక్కన పోయే సరుకు. చిన్నవాళ్ళకి అమ్మే కొట్టు ఎక్కడుందో ఆమెకీ తెలీదు. కనుక్కుంటానంది. కనుక్కుంది కూడా. బస్తా రెండు బస్తాలు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లో అక్క పొద్దుటే తీగల దగ్గరికి వెళ్ళి దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలిపి చూసుకునేది. మడతమీద అరచెయ్యి రాసేటప్పుడు గరుకు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేది, ఏదో కుట్టినట్టు.

ఆస్పత్రి మేట్రనమ్మ స్వయంగా వచ్చింది. ఎన్నో ఏళ్ళ పరిచయం. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. కట్ట విప్పి బల్లమీద పరిచింది.

"వదినా, పేషెంట్ల వీపులు ఒరుసుకుపోతున్నాయంటున్నారు. పైవాళ్ళు చూస్తే ఉతకలేదంటున్నారు. నేనేం చెప్పను?"

"ఉతికాం వదినా. రెండుసార్లు ఉతికాం."

"నాకు తెలుసు. నాకు తెలిసి లాభమేంటి?"

అక్క తలొంచుకుని ఆ దుప్పట్లు మళ్ళీ మడతపెట్టింది. చెరువు మాట, నాచు మాట ఆవిడతో ఎత్తలేదు. ఎత్తితే సాకులా ఉంటుందనుకుంది. మెట్లమీద నిలబడి విన్న పటికాయన కిందికి దిగి చెబుదామనుకున్నాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. చెప్తే మాత్రం ఆ దుప్పట్లు తెల్లబడతాయా?

నెల గడిచేసరికి ఆస్పత్రి పని పోయింది. గుట్టలుగా వచ్చే మూటలు ఆగిపోయాయి. మిషన్లు ఒక్కొక్కటే మూగబోయాయి. పై గదిలో పడుకునే పటికాయనకి ఇన్నేళ్ళూ ఆ గుడగుడే జోలపాట. ఇప్పుడు ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చేసేది.

"అక్కా, పాత పొడే వాడండి" అన్నాడు ఒకరోజు. "నేనడిగింది మర్చిపో. వెళ్ళి మేట్రనమ్మతో మాట్లాడదాం."

"వెళ్ళొచ్చాన్రా" అన్నాడు బావ, బదులు తనే చెప్తూ. "బైపాసు దగ్గర కొత్తగా పెట్టారే, ఆ లాండ్రీకి ఇచ్చేశారు. సంవత్సరానికి కుదుర్చుకున్నారు." భుజం మీది తువ్వాలు దులిపి, "వాళ్ళ కాలవ ఎక్కడ కలుస్తుందో తెలుసా?"

పటికాయనకి తెలుసు. ఆ కాలవ దగ్గర సీసా పట్టింది తనే. చెరువుకి అవతలి ఒడ్డున, ఇంకా పైకి.

అవే దుప్పట్లు. అదే పొడి. అదే చెరువు. ఆరింది మాత్రం అక్క ఇంట్లో బాయిలరు.

మబ్బుపట్టి, గాలి స్తంభించిపోయిన రోజులు కొన్ని వచ్చాయి. ఒక తెల్లవారుజామున ఫిల్టర్‌హౌసుకి వెళ్ళిన పటికాయన ముందు తెల్లటి ఒడ్డు చూసి, నురగ అనుకున్నాడు. దగ్గరికి పోతే చేపలు. పొట్టలు పైకి తేలి, ఒకదాన్నొకటి ఆనుకుని, గట్టు పొడుగునా. కొన్ని ఇంకా నీటిమట్టానికి నోళ్ళు పెట్టి గాలికోసం తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఆయన వంగి ఒకదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఎక్కడ వదలాలో తెలియలేదు. చేతిలోనే కదలడం మానేసింది.

మేడమ్ మధ్యాహ్నానికి వచ్చింది. నాచు చచ్చి కుళ్ళుతుంటే నీళ్ళలో ప్రాణవాయువంతా ఆ కుళ్ళే తినేస్తుందనీ, వెలుతురు లేని రోజుల్లో బతికున్న నాచు కూడా దాన్ని పూరించలేదనీ చెప్పింది. చెబుతూ చేపలకేసి చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

"మేడమ్, ఒక మాట అడుగుతాను. దాచకుండా చెప్పండి. మా అక్క ఆ పొడి మానేసి ఇన్ని నెలలైంది కదా. ఎంతో కొంత తగ్గిందా?"

ఆమె ఒడ్డున బురదని చెప్పుతో కదిపింది.

"ఊరంతా మానేసినా వెంటనే తగ్గదండీ" అంది. "అడుగున బురద ఉంది చూశారా, అందులో ఎన్నో ఏళ్ళ భాస్వరం పేరుకుని ఉంది. ఆ బురదలో ఇనుముంటుంది. నీళ్ళలో ప్రాణవాయువు ఉన్నంతసేపూ ఆ ఇనుము భాస్వరాన్ని వదలకుండా పట్టుకునుంటుంది. ప్రాణవాయువు అయిపోతే ఇనుము పట్టు వదిలేస్తుంది. ఇప్పుడు అయిపోయింది. అంటే ఇకమీదట బయటినుంచి ఏం రాకపోయినా, చెరువు తన అడుగులోంచి తనే నాచుకి పెట్టుకుంటుంది. కొన్నేళ్ళపాటు."

"పటిక వేస్తే? చెరువంతటికీ వేస్తే? పటిక కూడా భాస్వరాన్ని పట్టుకుంటుందని సీసాలు పట్టిన రోజున మీరే అన్నారు కదండీ."

"పట్టుకుంటుంది." ఆమె చెరువు అవతలి ఒడ్డుకేసి చూసింది. "అంత పటిక ఎవరిస్తారు? ఇచ్చినా, కాలవలు ఆపకుండా వేస్తే మళ్ళీ ఇదే."

చేతిలో ఇంత విద్యున్న మనిషి కూడా తనలాగే ఒడ్డున నిలబడిపోవడం చూసి పటికాయనకి ఆమె మీద జాలేసింది. తనకే పెళ్ళై కూతురుంటే ఇదే వయసు. "టీ తాగుదురుగాని రండి" అన్నాడు.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి అక్క ఇస్త్రీ బల్లమీద ఊరికే కూర్చుని ఉంది. చేపల సంగతి ఊరంతా తెలిసిపోయింది.

"ఏమందిరా ఆ అమ్మాయి? మనం మానేసినదానికి ఏమైనా బాగుపడిందా?"

పటికాయన ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. "కొంచెం... కొంచెం నయమట" అన్నాడు.

అక్క లేచి కుళాయి తిప్పి గ్లాసులో నీళ్ళు పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తమ్ముడి ముక్కు దగ్గరా పెట్టింది. ఆ వాసన మాట్లాడాల్సిందంతా మాట్లాడింది.

"చిన్నప్పట్నుంచీ నీకు అబద్ధం రాదు" అంది.

"అక్కా, నేను అడగకుండా ఉండాల్సింది."

"అడిగావు. ఇచ్చాను. ఇచ్చినదాని గురించి నేను బాధపడటం లేదు. కానీ దానివల్ల ఒక చేప కూడా బతకలేదంటే..." ఆ నీళ్ళు పారబొయ్యలేక, తాగలేక, గ్లాసు అలాగే బల్లమీద పెట్టి పైకి వెళ్ళిపోయింది. తమ్ముడిమీద కోపం ఉంటే బాగుండేది. తిడితే ఆయనకి ఊపిరాడేది. ఆమెకి కోపం రాలేదు. అదే ఆయన్ని కాల్చింది.

తర్వాత జరిగింది ఎక్కువ లేదు. చెరువునీళ్ళు తాగడానికి పనికిరావని తేల్చేశారు. చాలా దూరాన ఉన్న నదినుంచి గొట్టాలు వేసి నీళ్ళు తెచ్చారు. ఊరు సంబరపడింది. మంగలిషాపాయన పటికాయన్ని ఆపి, "ఇప్పుడు నీళ్ళంటే నీళ్ళు! ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?" అన్నాడు, వేళాకోళంగానే. పటికాయన నవ్వి ఊరుకున్నాడు. ఫిల్టర్‌హౌసు గేటుకి తాళం పడింది. ఆయన్ని ఊరిచివర నీళ్ళట్యాంకు దగ్గర వాల్వు తిప్పే పనికి వేశారు. పొద్దున తిప్పాలి, సాయంత్రం కట్టాలి. కలపడానికీ తేర్చడానికీ ఏమీ లేదు.

చెరువు చుట్టూ కంచె కట్టారు. కాలవలు మాత్రం ఎక్కడివక్కడే కలుస్తున్నాయి. తాగని నీళ్ళ గురించి ఉత్తరాలు ఎవరు రాస్తారు?

మిషన్లు రెండు అమ్మేశారు. మిగిలినవాటితో అక్క ఇళ్ళ బట్టలు కొన్ని ఉతుకుతోంది, ఆ కొత్త పొడితోనే. పాతదానికి మారమని ఎవరూ అనలేదు, ఆమే అనుకోలేదు. ఇల్లు గడవాలి కదా, బావ బైపాసు లాండ్రీలో ఇస్త్రీకి కుదిరాడు. తన చేతుల్లోంచి పోయిన ఆస్పత్రి దుప్పట్లే అక్కడ మళ్ళీ ఆయన చేతుల్లోకి వచ్చాయి.

"ఎట్లా ఉన్నాయి?" అని అడిగింది అక్క మొదటిరోజు.

బావ చెప్పులు విప్పుతూ అబద్ధమాడదామా వద్దా అని ఒక క్షణం ఆగాడు. "తెల్లగా" అన్నాడు. "పాలలాగా ఉన్నాయే."

ఆమె తలూపింది. ఆ తలూపడంలో పనితనం తెలిసిన మనిషి మెచ్చుకోలు ఉంది. అది చూసి ఇద్దరు మగాళ్ళూ చూపులు పక్కకి తిప్పుకున్నారు. బావ చొక్కాకి ఆ పాత సబ్బుపొడి వాసన. ఒకప్పుడు ఇల్లంతా ఉండే వాసన. భోజనానికి కూర్చున్నారు. పటికాయన నీళ్ళు ముగ్గురికీ పోశాడు. ఏ వాసనా లేని, ఏ రుచీ లేని, మంచి నీళ్ళు. ఆ నది ఒడ్డున ఏయే ఊళ్ళున్నాయో, ఎన్ని కాలవలు కలుస్తున్నాయో అడగాలని ఆయనకి నాలుక చివరిదాకా వచ్చింది. ఎవర్ని అడగాలో తెలీక, గ్లాసెత్తి తాగేశాడు.